పెరటి కోళ్లకు జబ్బు చేస్తే ఎలా గుర్తించాలి? ఎవరికి చెప్పాలి? ఆ కోడిని వండుకోవచ్చా?

నగర శివార్లలోని సొంతిళ్లలో, డాబాల మీద నాలుగైదు నాటు కోళ్లు పెంచుకునేవారు చాలామందే ఉన్నారు. మీరు పెంచకపోయినా ఊళ్లో అమ్మానాన్నల దగ్గర పది కోళ్లయినా ఉండే ఉంటాయి. ఉదయం గూడు తలుపు తీస్తే అన్నీ బయటికి పరుగెత్తుతాయి, ఒకటి మాత్రం మూలన ముడుచుకుని కూర్చుంటుంది. ఆ క్షణంలో చాలా ఇళ్లలో తీసుకునే నిర్ణయం ఒకటే: "చచ్చేలోపు కోసేద్దాం."

ఆ కోడికి వచ్చింది ఏ జబ్బో తెలియకుండా ఈ నిర్ణయం తీసుకుంటే మిగతా కోళ్లకే కాదు, ఇంట్లో మనుషులకూ ప్రమాదం కావచ్చు. కోడి జబ్బు పడిందని ఎలా తెలుస్తుంది? ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే కదలాలి? పశువైద్య శాఖ నుంచి మీకు అందే సేవలేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆరోగ్యంగా ఉన్న కోడి ఎలా ఉంటుంది?

జబ్బును పట్టుకోవాలంటే ముందు మామూలు రోజుల్లో మీ కోడి ఎలా ఉంటుందో తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న కోడి కళ్లు చురుగ్గా, గుండ్రంగా తెరుచుకుని ఉంటాయి. ముక్కు రంధ్రాలు పొడిగా ఉంటాయి. గుడ్లు పెట్టే వయసులో ఉన్న పెట్ట తల మీది జుట్టు, గడ్డం కింద వేలాడే తమ్మెలు ఎర్రగా నిగనిగలాడతాయి. నోరు మూసుకునే శ్వాస తీసుకుంటుంది. మేత వేయగానే పోటీ పడి వస్తుంది.

రెట్ట కూడా చాలా విషయాలు చెబుతుంది. మామూలు రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి, పైన తెల్లని టోపీ పెట్టినట్టు ఉంటుంది. రోజులో కొన్నిసార్లు జిగటగా, ముదురు గోధుమ రంగులో, ఎక్కువ వాసనతో కూడా వేస్తుంది. అదీ మామూలే, కంగారు పడక్కర్లేదు.

ఇంకో విషయం. కోడి ఒంటి ఉష్ణోగ్రత సహజంగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అంటే మనిషి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. చేత్తో పట్టుకుని "ఒళ్లు కాలిపోతోంది, జ్వరం వచ్చింది" అనుకోవద్దు.

జబ్బును కోడి ఎందుకు దాచుకుంటుంది?

గుంపులో నలతగా కనిపించిన పక్షి మీదే కుక్క, పిల్లి, గద్ద కన్ను పడుతుంది. తోటి కోళ్లు కూడా దాన్నే పొడుస్తాయి. అందుకే కోడి ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే తిరుగుతుంది. అది ముడుచుకుని కూర్చునే సమయానికి జబ్బు మొదలై ఒకటి రెండు రోజులు అయిపోయి ఉండొచ్చు. "రేపు చూద్దాంలే" అనుకోకూడదని చెప్పేది ఇందుకే.

రోజూ రెండుసార్లు చూస్తే చాలు. ఉదయం గూడు తెరిచేటప్పుడు ఏది ఆలస్యంగా వచ్చిందో గమనించండి. రాత్రి అన్నీ గూట్లో చేరాక ఒక నిమిషం చెవి పెట్టి వినండి. గురక, తుమ్ములు, గరగర శబ్దం పగటి సందడిలో వినపడవు, రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా తెలుస్తాయి.

జబ్బు కాకపోయినా జబ్బులా కనిపించేవి

మూడు సందర్భాల్లో చాలామంది పొరబడతారు.

* పొదుగు మీద ఉన్న పెట్ట: కదలదు, తక్కువ తింటుంది, దగ్గరికి వెళితే ఈకలు ఉబ్బించి పొడవబోతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు లేచి పెద్ద ముద్దగా, ఘాటు వాసనతో రెట్ట వేస్తుంది. కళ్లు మాత్రం చురుగ్గా ఉంటాయి. ఇది జబ్బు కాదు.
* ఈకలు రాల్చే కాలం: ఏడాదికోసారి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి. ఆ వారాల్లో గుడ్లు ఆగిపోతాయి, జుట్టు రంగు తగ్గుతుంది. మేత బాగా తింటూ తిరుగుతుంటే ఫర్వాలేదు.
* ఎండ దెబ్బ: నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నిలబడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో ఇది ప్రాణాంతకం కూడా. వెంటనే నీడలోకి మార్చి, చల్లని తాగునీరు పెట్టి, గాలి ఆడేలా చూడాలి. గూటి చుట్టూ తడి గోనె సంచులు కట్టవచ్చు. ఐస్ నీళ్లలో ముంచొద్దు. చల్లబడే వేళకు కూడా రొప్పు తగ్గకపోతే అది శ్వాసకోశ జబ్బు కావచ్చు.

ఏ లక్షణం దేనికి సూచన?

ఒకే లక్షణం రెండు మూడు జబ్బుల్లో కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చుని ఫలానా జబ్బేనని తేల్చుకోలేం. కానీ ఎంత తొందరపడాలో తెలుసుకోవడానికి ఈ వివరాలు పనికొస్తాయి.

కొక్కెర తెగులు (రాణిఖేత్): పెరటి కోళ్లకు అతి పెద్ద శత్రువు ఇదే. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పట్టణం పేరు మీదుగా మన దేశంలో దీనికి ఆ పేరు వచ్చింది. మిగతా ప్రపంచం న్యూకాసిల్ వ్యాధి అంటుంది. వైరస్ సోకిన 2 నుంచి 15 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. కోడి ముడుచుకుంటుంది, పచ్చగా లేదా తెల్లగా పారుతుంది, మెడ చాచి నోరు తెరిచి శ్వాస తీస్తుంది. తర్వాత మెడ మెలి తిరగడం, రెక్కలు, కాళ్లు చచ్చుబడటం కనిపిస్తాయి. గుడ్లు పెట్టే కోళ్లలో పెంకు పలచబడి, గుడ్డు వంకరగా వస్తుంది. టీకా వేయని మందలో తీవ్రమైన రకం వస్తే వారం పది రోజుల్లో దాదాపు అన్నీ చనిపోవచ్చు. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే రక్షణ.

బర్డ్ ఫ్లూ: తల, ముఖం వాస్తాయి. జుట్టు, తమ్మెలు నీలం రంగుకు తిరుగుతాయి. కాళ్ల మీద ఎర్రని మచ్చలు వస్తాయి. ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండానే ఒకదాని వెంట ఒకటి చనిపోతాయి. కొక్కెర తెగులుకు, దీనికి పైకి చూసి తేడా చెప్పడం పశువైద్యులకే కష్టం. ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది.

కోళ్ల మశూచి: ఊళ్లలో అమ్మవారు అంటారు. జుట్టు, తమ్మెలు, కళ్ల చుట్టూ పొక్కులు వచ్చి నల్లని పెచ్చులు కడతాయి. దోమల ద్వారా పాకుతుంది. అందుకే వానల తర్వాత, దోమలు ఎక్కువయ్యే కాలంలో కనిపిస్తుంది. చర్మం మీద మాత్రమే ఉంటే చాలా కోళ్లు మూడు నాలుగు వారాల్లో కోలుకుంటాయి. నోట్లో, గొంతులో తెల్లని పొర కడితే మాత్రం మేత మింగలేవు, ఊపిరాడదు. పెచ్చులను గిల్లి తీయొద్దు, వైరస్ ఉండేది వాటిలోనే.

ముఖం వాపు, ముక్కు కారడం: కళ్ల కింద ఉబ్బి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే కొరైజా అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. డాక్టర్ రాసిన మందులతో తగ్గుతుంది. కానీ కోలుకున్న కోడి కూడా ఈ బ్యాక్టీరియాను మోస్తూ కొత్తగా వచ్చిన కోళ్లకు అంటించవచ్చు.

రక్త పారుడు: మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో ఎక్కువ. రెట్టలో రక్తం పడుతుంది, పిల్లలు వణుకుతూ గుంపుగా ఒదిగి ఉంటాయి. కాక్సిడియా అనే పరాన్నజీవి దీనికి కారణం. గూట్లో పరిచిన ఊక తడిగా ఉంటే ఇది వేగంగా పెరుగుతుంది. నీళ్లలో కలిపి ఇచ్చే మందుతో తగ్గుతుంది కాబట్టి త్వరగా గుర్తిస్తే చాలా పిల్లలు బతుకుతాయి.

తెల్ల పారుడు: పొదిగిన మొదటి రెండు మూడు వారాల్లో పిల్లల వెనుక భాగం తెల్లని రెట్టతో అంటుకుపోయి, వరసగా చనిపోతుంటే సాల్మొనెల్లా జాతి బ్యాక్టీరియాను అనుమానించాలి. ఇది తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకు వస్తుంది. అలాంటి పెట్ట గుడ్లను మళ్లీ పొదగేయకూడదు.

ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి: నెలన్నర దాటిన కోళ్లలో ఇలా కాళ్లు చాచి పడిపోతుంటే అది మారెక్స్ వ్యాధి లక్షణం. దీని టీకాను పిల్ల పుట్టిన రోజే హ్యాచరీలో వేస్తారు. పిల్లలను కొనేటప్పుడే "మారెక్స్ టీకా వేశారా" అని అడగండి.

మెడ మెత్తగా వాలిపోవడం: మెడ మెలి తిరగడం వేరు, బలం లేక నేల మీద వాలిపోవడం వేరు. రెండోది కుళ్లిన మాంసం, చచ్చిన జంతువు మీది పురుగులు తిన్న కోళ్లలో వచ్చే విషప్రభావం కావచ్చు. పక్క తోటలో పురుగుమందు చల్లిన రోజో, ఎలుకల మందు పెట్టిన రోజో రెండు మూడు కోళ్లు ఒకేసారి పడిపోతే ఆ సంగతి తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి.

గుడ్డు అడ్డం పడటం: పెట్ట నిటారుగా, పెంగ్విన్‌లా నడుస్తుంది. తోక కిందికీ పైకీ ఆడిస్తూ ముక్కుతుంది. గోరువెచ్చని నీళ్లలో వెనుక భాగం మునిగేలా పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, వెచ్చని చీకటి చోట ఉంచండి. గుడ్డును లోపలే పగలగొట్టే ప్రయత్నం చేయొద్దు. ఆ రోజుకు రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

సన్నబడటం, జుట్టు పాలిపోవడం: తింటూనే ఉన్నా రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతుంటే కడుపులో నులిపురుగులో, ఒంటి మీద పేలో, గూట్లో గోమార్లో ఉండొచ్చు. గోమార్లు పగలు గూటి చెక్కల పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. పగలు కోడిని చూస్తే ఏమీ కనిపించదు. రాత్రి టార్చ్ వేసి కోడి రెక్కల కింద, గూటి సందుల్లో వెతకండి.

వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఏవి?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా సొంత వైద్యం ఆపి, అదే రోజు పశువైద్యుడికి చెప్పాలి.

* ఒకటి రెండు రోజుల్లో రెండు, అంతకంటే ఎక్కువ కోళ్లు చనిపోవడం
* జుట్టు, తమ్మెలు నీలం రంగుకు మారడం, తల వాపు
* మెడ మెలి తిరగడం, కాళ్లు చచ్చుబడటం
* నోరు తెరిచి శ్వాస తీయడం, గరగర శబ్దం
* రెట్టలో రక్తం
* మీ ఇంటి చుట్టుపక్కల కాకులు, కొంగలు, బాతులు చనిపోయి కనిపించడం

ఒకే కోడి, స్వల్ప లక్షణాలు, మేత కొంచెమైనా తింటోందంటే దాన్ని విడిగా పెట్టి ఒక రోజు గమనించవచ్చు. రెండో రోజుకు తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి గంటలో మీరు చేయాల్సింది

1. జబ్బు కోడిని వేరే గంప కింద గానీ, గాలి ఆడే అట్టపెట్టెలో గానీ మిగతావాటికి దూరంగా ఉంచండి. నీళ్లు, మేత గిన్నెలు కూడా వేరు చేయండి.
2. ముందు ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని చూసుకుని, ఆ తర్వాతే జబ్బు కోడి దగ్గరికి వెళ్లండి. ముక్కుకు మాస్క్, చేతులకు గ్లౌజులు వేసుకోండి. గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవర్ తొడుక్కోండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పెరట్లోకి వేరే చెప్పులు వాడండి.
3. పిల్లలను, వృద్ధులను, గర్భిణులను కోళ్ల దగ్గరికి పంపొద్దు.
4. ఫోన్‌లో అర నిమిషం వీడియో తీయండి. కోడి నడక, శ్వాస, మెడ కదలిక కనిపించాలి. తెల్ల కాగితం మీద పడిన రెట్టను ఫొటో తీయండి.
5. మిగతా కోళ్లను బయటికి వదలొద్దు. పక్కింటి కోళ్లతో కలవనివ్వొద్దు. బంధువులకు ఇవ్వొద్దు, సంతకు పంపొద్దు.

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. జబ్బు కనిపించగానే "ఎంతో కొంత వస్తుంది" అని మిగిలినవాటిని అమ్మేస్తారు. ఒక ఇంటి జబ్బు నాలుగు ఊళ్లకు చేరేది అలాగే.

ఎవరికి ఫోన్ చేయాలి?

1962 టోల్‌ఫ్రీ నంబర్: సంచార పశువైద్య వాహనాల కోసం కేటాయించిన నంబర్ ఇది. తెలంగాణలో ఈ వాహనాలు 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. వాహనంలో పశువైద్యుడు, సహాయకుడు, మందులు ఉంటాయి. ఇవి ప్రధానంగా గ్రామీణ ప్రాంతాల కోసం ఏర్పాటు చేసినవి. ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలకు ఈ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి. గేదె, ఆవు ప్రాణాపాయంలో ఉన్న కేసు ఉంటే వాహనం ముందు అటు వెళ్లొచ్చు. అలాంటప్పుడు ఫోన్‌లోనే సలహా అడగండి.

ప్రభుత్వ పశువైద్యశాల: మండల కేంద్రాల్లో, చాలా పెద్ద గ్రామాల్లో ఉంటుంది. కోళ్లకు కూడా ఇక్కడ చూస్తారు. ఉదయం వెళితే డాక్టర్ దొరికే అవకాశం ఎక్కువ.

ఊళ్లో సిబ్బంది: ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల్లో (గతంలో రైతు భరోసా కేంద్రాలు) పశుసంవర్ధక సహాయకులు పనిచేస్తున్నారు. తెలంగాణలో గ్రామీణ పశువైద్య ఉపకేంద్రాలు, గోపాలమిత్రలను అడగవచ్చు.

నగరాల్లో ఉంటే: హైదరాబాద్ వాసులకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాల ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు క్లినిక్‌లలో ఎక్కువమంది కుక్కలు, పిల్లులకే వైద్యం చేస్తారు. "కోళ్లకు చూస్తారా" అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటే తిరుగుడు తప్పుతుంది.

డాక్టర్ అడిగే ప్రశ్నలు

ఇవి ముందే కాగితం మీద రాసుకుంటే ఫోన్‌లో సమయం వృథా కాదు: మొత్తం కోళ్లు ఎన్ని, వాటి వయసెంత? ఎన్నింటికి జబ్బు చేసింది, ఎన్ని చనిపోయాయి? మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది? ఏ టీకాలు వేయించారు, ఎప్పుడు? గత నెలలో కొత్త కోడిని తెచ్చారా? దాణా మార్చారా? ఇప్పటికే ఏమైనా మందు ఇచ్చారా?

చనిపోయిన కోడిని ఏం చేయాలి?

వెంటనే పారేయొద్దు. కారణం తెలియాలంటే పోస్టుమార్టం చేయాలి. అది మిగిలిన కోళ్లను కాపాడుతుంది. చనిపోయిన కోడిని రెండు పాలిథిన్ కవర్లలో గట్టిగా కట్టి, ఐస్ ముక్కల మధ్య పెట్టి, డాక్టర్‌కు ముందే చెప్పి వీలైనంత త్వరగా, అదే రోజు తీసుకెళ్లాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే లోపలి అవయవాలు పరీక్షకు పనికిరాకుండా పోతాయి. ఇంటి ఫ్రిజ్‌లో ఆహారంతో పాటు పెట్టడం అసలే వద్దు. మీరే కోసి చూడొద్దు.

వరసగా చనిపోతూ, బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే మాత్రం కళేబరాన్ని ముట్టుకోకుండా, ఎక్కడికీ తీసుకెళ్లకుండా సిబ్బందినే పిలవాలి.

పోస్టుమార్టం అవసరం లేదని డాక్టర్ చెబితే బావికి, బోరుకు, కాలువకు దూరంగా మూడు నాలుగు అడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టండి. డాబా మీద పెంచేవారు చెత్తబండిలో కలిపి వేయకుండా, మున్సిపల్ సిబ్బందిని గానీ, పశువైద్యశాలను గానీ అడగాలి. జబ్బుతో చనిపోయిన జంతువు కళేబరాన్ని తెలిసీ చెరువులో, కాలువలో, నదిలో పడేయడం చట్టప్రకారం నేరం.

చెప్పడం తప్పనిసరా? చెబితే నష్టపోతామా?

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం 2009లో వచ్చింది. జాబితాలోని జబ్బు సోకిందని అనుమానం ఉంటే యజమాని గ్రామ అధికారికి గానీ, పంచాయతీ బాధ్యులకు గానీ తెలియజేయాలని అది చెబుతోంది. ఆ జాబితాలో బర్డ్ ఫ్లూ, న్యూకాసిల్ వ్యాధి రెండూ ఉన్నాయి.

"చెబితే ఉన్న కోళ్లన్నీ చంపేస్తారు" అనే భయం చాలామందికి ఉంది. కొక్కెర తెగులుకు, మశూచికి అలా ఊరంతా కోళ్లను తీసేయరు. బర్డ్ ఫ్లూ ల్యాబ్‌లో నిర్ధారణ అయితేనే ఆ చర్య ఉంటుంది. నమూనాలు భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థకు వెళతాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి ప్రాంతంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు కేంద్రం చుట్టూ కిలోమీటరు పరిధిని వ్యాధి సోకిన జోన్‌గా, 10 కిలోమీటర్ల వరకు నిఘా జోన్‌గా ప్రకటించారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది పరిహారం సంగతి. అధికారులు నిర్మూలించిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లు, దాణాకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరించి పరిహారం ఇస్తాయి. అంతకుముందే జబ్బుతో చనిపోయిన కోళ్లకు ఇవ్వవు. అంటే చెప్పడంలో ఆలస్యం చేసినకొద్దీ నష్టం మీదే.

జబ్బు కోడిని వండుకుని తినొచ్చా?

వద్దు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు తింటే బర్డ్ ఫ్లూ రాదన్నది నిజమే. 70 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆ వైరస్ చనిపోతుంది. కానీ ప్రమాదం ఉన్నది తినేటప్పుడు కాదు, కోసేటప్పుడు. కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడం చేసేవారి చేతులకు, ముక్కుకు, కళ్లకు వైరస్ నేరుగా చేరుతుంది. మన ఇళ్లలో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, పక్కనే పిల్లలు. మనుషులకు బర్డ్ ఫ్లూ సోకడం అరుదే. సోకితే మాత్రం ప్రాణాల మీదికి రావచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నారి ఈ వైరస్‌తో మరణించింది. పచ్చి మాంసం ముక్కను పిల్లల నోట్లో పెట్టే అలవాటు ఎక్కడ ఉన్నా మానుకోవాలి.

జబ్బు కోళ్లను ముట్టుకున్న తర్వాత పది రోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం, కళ్ల ఎరుపు వస్తే ఆసుపత్రికి వెళ్లండి. "ఇంట్లో కోళ్లు చనిపోయాయి" అనే మాట డాక్టర్‌కు మీరే ముందుగా చెప్పండి.

ఇంట్లో ఉన్న మాత్రలు వేయొచ్చా?

మనుషుల యాంటీబయాటిక్ మాత్రను నూరి వేయడం చాలా ఇళ్లలో అలవాటు. కొక్కెర తెగులు, మశూచి, బర్డ్ ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వాటి మీద పనిచేయదు. పైగా ఆ మందు గుడ్డులోకి, మాంసంలోకి చేరి తిన్నవారి ఒంట్లోకి వస్తుంది. ఇలాంటి విచ్చలవిడి వాడకం వల్లే కొలిస్టిన్ అనే మందును ఆహార జంతువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. డాక్టర్ ఏ మందు రాసినా "గుడ్లు ఎన్ని రోజులు తినకూడదు" అని అడిగి తీరాలి.

పసుపు నీళ్లు, వెల్లుల్లి పెట్టడం వల్ల హాని లేదు. వాటిని నమ్ముకుని రెండు రోజులు ఆగిపోవడం వల్లే హాని. డాక్టర్ వచ్చేలోగా మీరు చేయగలిగే మంచి పని ఒకటే: శుభ్రమైన నీళ్లు, వెచ్చని పొడి చోటు, మెత్తని మేత. నోరు తెరిచి బలవంతంగా నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

టీకాలు ఎప్పుడు వేయించాలి?

సాధారణంగా పాటించే క్రమం ఇది. ప్రాంతాన్ని బట్టి మీ డాక్టర్ రోజులు కొంచెం మార్చొచ్చు.

* 5 నుంచి 7 రోజులు: కొక్కెర తెగులుకు లసోటా లేదా ఎఫ్1 టీకా, కంట్లో లేదా ముక్కులో చుక్క
* 14 రోజుల వయసులో: గంబోరో టీకా
* 4 వారాలు: లసోటా రెండో విడత
* 6 వారాల ప్రాంతంలో: మశూచి టీకా
* 8 వారాలు: కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా, రెక్క కింద చర్మంలోకి ఇంజెక్షన్

ఇక్కడ వచ్చే చిక్కు ఒకటుంది. టీకా సీసాలు ఎక్కువగా వంద, అంతకు మించిన డోసుల్లో వస్తాయి. ఒకసారి కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లు ఉన్నవారి కోసం సీసా తెరవడానికి సిబ్బంది వెనుకాడటం సహజం. అందుకే వీధిలో, కాలనీలో, ఊళ్లో కోళ్లున్న పది ఇళ్లవారు ఒక వాట్సాప్ గ్రూపులో కలిసి, ఒక తేదీ అనుకుని పశువైద్యశాలను అడగండి. సీసా వృథా కాదు, పైగా అందరి కోళ్లకూ ఒకేసారి రక్షణ వస్తుంది. కొని తెస్తే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, ఐస్ పెట్టిన ఫ్లాస్క్‌లో తేవాలి. బ్యాగులో వేసుకుని ఎండలో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. కోళ్లను చల్లని వేళ, ఉదయం గూట్లోంచి వదలకముందే పట్టుకుంటే పని తేలిక. ఇప్పటికే జబ్బుగా ఉన్న కోళ్లకు టీకా వేయకూడదు.

వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగైన పెరటి రకాలను హైదరాబాద్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. రకం ఎంత గట్టిదైనా టీకా మాత్రం తప్పనిసరి. "నాటు కోడికి ఏ జబ్బూ రాదు" అన్నది నిజం కాదు.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

కొత్తగా కొన్న కోడిని, సంతలో తెచ్చినదైనా, సంక్రాంతి బరి నుంచి వచ్చిన పుంజైనా, మూడు వారాలు విడిగా ఉంచిన తర్వాతే మందలో కలపండి. గూట్లో ఊక పొడిగా ఉండాలి, తడిసినచోట తీసేసి కొత్తది వేయాలి. నీళ్ల గిన్నె రోజూ కడగాలి. అడవి పక్షులు వచ్చి తాగే చోట మేత, నీళ్లు పెట్టొద్దు. నులిపురుగుల మందు రెండు మూడు నెలలకోసారి డాక్టర్‌ను అడిగి వేయండి.

జబ్బు వచ్చిపోయిన గూటిని ముందు గీకి, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ పౌడర్ ద్రావణం చల్లి, గోడలకు సున్నం వేయాలి. రెట్ట మీదే బ్లీచింగ్ చల్లితే అది పనిచేయదు. పగుళ్లు ఉన్న పాత చెక్కలను తీసేయండి. కొత్త కోళ్లను ఎన్ని రోజుల తర్వాత తేవచ్చో డాక్టర్‌ను అడగండి. ఏ జబ్బో తెలిస్తేనే ఆ లెక్క చెప్పగలరు. పోస్టుమార్టం చేయించమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఈ వారాంతం ఊరికి ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. కోళ్లకు చివరిసారి టీకా ఎప్పుడు వేయించారు? 1962 నంబర్ ఫోన్‌లో ఉందా? రెండింటికీ జవాబు లేకపోతే, జబ్బు రాకముందే పశువైద్యశాలకు ఒకసారి వెళ్లి రమ్మనండి.